ఏళ్ల తరబడి కదలని పాత స్పోర్ట్స్ కారును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

పాత స్పోర్ట్స్ కారు చేతికొచ్చిన వాళ్లందరూ నన్ను మొదట అడిగేది ఒకటే: "కొత్త బ్యాటరీ తెచ్చాను, ఒకసారి స్టార్ట్ చేసి చూడనా?" నేనూ ప్రతిసారీ ఒకటే చెప్తాను. ఇవాళ వద్దు. పదేళ్లు నిలిచిపోయిన ఇంజనులో సిలిండరు గోడల మీద నూనె పొర మిగలదు. బేరింగుల్లోని నూనె ఎప్పుడో కిందికి దిగిపోయి ఉంటుంది. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులకు సన్నగా తుప్పు పట్టి ఉంటుంది. అలాంటి ఇంజనును తాళం తిప్పి లాగారంటే, నూనె చుక్కతో విడిపోవాల్సిన రింగు విరిగి గోడను గీకేస్తుంది. అప్పుడు ఇంజను మొత్తం దింపాల్సి వస్తుంది.

తర్వాత అడిగేది: "మొత్తం విప్పేసి మొదటినుంచీ చేయనా?" అదీ వద్దు. మొత్తం విప్పేసిన కార్లు చాలావరకు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి. ఒక్కో వ్యవస్థనే విప్పండి, బాగుచేయండి, బిగించండి, పరీక్షించండి, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్లండి. వరుస ఇది: ముందు కారు ఆగాలి, తర్వాత నడవాలి, అందం చివర. రంగు మీద ఆశతో మొదలుపెట్టిన వాళ్లు కొత్త రంగు మీద బ్రేక్ ఫ్లూయిడ్ ఒలకబోసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ ఫ్లూయిడ్ రంగును నిమిషాల్లో పొంగించి ఊడదీస్తుంది.

ఉదాహరణకు ఎం.జి.బి.ని తీసుకుంటున్నాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన కారు ఇది. 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, ఎక్కువ మోడళ్లలో రెండు ఎస్.యు. రకం కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపేవి), ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. సాదా నిర్మాణం కాబట్టి ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారు దొరకడం కష్టం. మీది వేరే కారైనా పద్ధతి ఇదే. అంకెలు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోవే తీసుకోండి.

కావలసినవి

- మీ మోడల్, మీ సంవత్సరానికి సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్. పనిముట్ల కంటే ముందు కొనాల్సింది ఇదే.
- కారు బరువుకు తగిన ట్రాలీ జాక్, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు.
- సాకెట్ సెట్టు, రింగు పానాలు. పాత బ్రిటిష్ కార్లలో ఎక్కువగా అంగుళాల సైజులు ఉంటాయి. మిల్లీమీటర్ల పానా "దాదాపు సరిపోయింది" అని వాడితే బోల్టు మూలలు అరిగిపోతాయి.
- టార్క్ రెంచి, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్, టైమింగ్ లైట్.
- బ్రేకు పైపు నట్లకు ప్రత్యేకంగా వచ్చే ఫ్లేర్ నట్ పానా.
- తుప్పు వదిలించే స్ప్రే నూనె, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్, 20డబ్ల్యూ-50 ఇంజను ఆయిల్, గ్రీజు గన్.
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, మంచి మాస్కు, చేతికి అందేంత దూరంలో పౌడర్ రకం మంటలార్పే సిలిండరు.
- జిప్ కవర్లు, మార్కర్, ఒక నోటుపుస్తకం.

1. విప్పే ముందు ఫొటో తీయండి

పానా పట్టే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. వైర్లు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో, గొట్టాలు ఏ క్లిప్పు కింద ఉన్నాయో దగ్గరగా తీయండి. ఊడదీసిన ప్రతి నట్టునూ కవర్లో వేసి, పైన ఎక్కడిదో రాయండి. "గుర్తుంటుందిలే" అనుకోకండి. మూడు నెలల తర్వాత ఒకేలా కనిపించే నాలుగు బోల్టుల్లో ఏది పొడవో, ఏది పొట్టో ఎవరికీ గుర్తుండదు. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే అల్యూమినియం కవరు పగులుతుంది.

పాడైన పాత భాగాలను కొత్తవి బిగించేదాకా పారేయకండి. కొత్తగా తయారయ్యే స్పేర్లు అన్నీ సరిగ్గా సరిపోవు. కొలిచి చూసుకోవడానికి పాతదే ఆధారం.

2. కారును భద్రంగా పైకి లేపండి

నేల గట్టిగా, సమంగా ఉండాలి. చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, జాక్‌తో లేపి, స్టాండ్ల మీద దించండి. తర్వాత కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే కిందికి దూరకండి. జాక్ ఒక్కటే ఆధారంగా ఉన్న కారు కింద ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలే పెట్టకూడదు, ఒక్కసారిగా పగిలిపోతాయి.

స్టాండు పెట్టే చోటు గట్టి లోహమేనా అని ముందే చూసుకోండి. తుప్పు పట్టిన రేకు కింద పెడితే స్టాండు రేకును చీల్చుకుని లోపలికి దిగిపోతుంది.

3. తుప్పు ఎంత లోతుకు పోయిందో చూడండి

డబ్బు ఖర్చు పెట్టకముందే ఈ పని చేయాలి. ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీ రేకే బరువు మోస్తుంది. టాప్ లేని మోడల్లో ఆ భారమంతా ప్రధానంగా సిల్స్ మీద పడుతుంది. సిల్ అంటే తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగం. అది పైకి నిగనిగలాడుతూ లోపల డొల్లగా ఉండొచ్చు.

చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలేసిన చోట పుట్టీ ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా మోగుతుంది. సిల్స్ అడుగు, వెనక స్ప్రింగులు బిగించిన చోటు, సీట్ల కింద నేల, చక్రాల పైన లోపలి వంపు, బ్యాటరీ ఉండే గూడు, ఇవన్నీ వదలకుండా చూడండి.

ఇంకో పరీక్ష ఉంది. కారు చక్రాల మీద ఉన్నప్పుడు తలుపు వెనక అంచు దగ్గర సందును పైనా కిందా కొలిచి రాసుకోండి. కారును స్టాండ్ల మీదికి ఎక్కించాక మళ్లీ కొలవండి. సందు కళ్లకు కనిపించేంత మారినా, తలుపు పట్టేసినా, కారు నడుము వంగుతోందన్నమాట. అలాంటి కారు మిగతా పనులు ఎంత బాగున్నా, సిల్స్ మార్చేదాకా రోడ్డెక్కకూడదు. వెల్డింగ్ సంగతి 10వ అంచెలో చెప్తాను.

4. బ్రేకులు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తొలి ఎం.జి.బి.లలో బ్రేకులది ఒకటే సర్క్యూట్. అంటే నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక గొట్టం పగిలినా కాలి కింద పెడల్ ఖాళీ అవుతుంది, ఇక మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే. అందుకే "ఇది బాగానే ఉన్నట్టుంది" అనే మాట బ్రేకుల దగ్గర అనొద్దు.

డ్రమ్ము తీయగానే లోపలి దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి.

తర్వాత ఈ వరుసలో చేయండి:

అ) రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. పైకి బాగున్నా సరే. నా కారులో కుడి ముందు చక్రం బ్రేకు వేశాక వదిలేది కాదు. కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) రెండుసార్లు విప్పాను, సీళ్లు మార్చాను, పిస్టన్లు తోమాను. అయినా అంతే. చివరికి గొట్టం తీసి బ్లేడుతో నిలువునా కోసి చూస్తే, లోపలి రబ్బరు ఉబ్బి, మధ్యలో సూదిబెజ్జమంత దారి మిగిలింది. పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఫ్లూయిడ్ లోపలికి వెళ్తోంది, వదిలాక వెనక్కి రావడానికి దానికి బలం చాలట్లేదు. పైన మాత్రం ఒక్క పగులూ లేదు.

ఆ) ఇనుప పైపులను వేలి గోరుతో గీరుతూ పొడవునా చూడండి. క్లిప్పుల కింద తుప్పు దాక్కుంటుంది. మార్చాల్సి వస్తే కుప్రోనికెల్ పైపు వాడండి, తుప్పు పట్టదు, చేత్తో వంచొచ్చు. పైపు చివర నొక్కే ఆకారం పాతదానిలాగే ఉండాలి. ఆకారం తేడా వస్తే ఎంత బిగించినా కారుతుంది.

ఇ) వెనక చక్రాల సిలిండర్లు కొత్తవి వేయండి. కాలిపర్ పిస్టన్ల మీద గుంటలు పడి ఉంటే అవీ మార్చండి. రబ్బరు సీళ్లను పెట్రోలుతో కానీ, ఇంజను నూనెతో కానీ తుడవొద్దు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తడిపి బిగించండి.

ఈ) ఫ్లూయిడ్ డాట్ 4 వాడండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదానికి కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. సగం వాడి మూత తీసి ఉంచిన డబ్బా మళ్లీ వాడకండి. సిలికాన్ రకం డాట్ 5ను దీనితో కలపకూడదు.

ఉ) బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర ఉండాలి. మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) పాతదే ఉంచితే పెడల్‌ను నేల దాకా తొక్కొద్దు. మామూలుగా సీలు తిరగని చోట లోపల తుప్పు పట్టి ఉంటుంది, సీలు అక్కడిదాకా వెళ్తే దాని అంచు చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి.

ఎలా చెక్ చేయాలి: పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరు లోపల పోతోంది. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి మిగిలింది. ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూడండి, కంటికి కనిపించని తడి కాగితం మీద కనిపిస్తుంది. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చూడండి.

ఈ పని మీద నమ్మకం చాలకపోతే అందులో తప్పేమీ లేదు. విప్పడం, శుభ్రం చేయడం మీరు చేసి, బిగించాక అనుభవమున్న మెకానిక్‌తో ప్రతి జాయింటూ చూపించుకోండి.

5. పెట్రోలు దారి

పాత పెట్రోలు వాసన మారి, వార్నిష్ వాసన వేస్తుంది. మొత్తం తీసేయండి. నోటితో పీల్చి తీయొద్దు, చేతి పంపు వాడండి. పని ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు, స్విచ్చులు ఉండకూడదు. ట్యాంకులోకి టార్చి వేసి చూడండి. సన్నటి తుప్పైతే ట్యాంకు దింపి, ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిసిన తుప్పు మందుతో కడిగి, బాగా ఆరబెట్టొచ్చు. చిల్లులు పడితే కొత్త ట్యాంకే వేయండి. లోపల పూసే సీలర్లు కొన్నాళ్లకు పొరలుగా లేచి పైపుకు అడ్డం పడుతుంటాయి, నాకు వాటి మీద నమ్మకం లేదు. ఖాళీ ట్యాంకును వెల్డింగ్ మాత్రం ఎన్నడూ చేయకండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

రబ్బరు పైపులన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోలులో ఎథనాల్ కలుస్తోంది, పాత రబ్బరును అది తినేస్తుంది. కొత్త పైపు మీద ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి తీసుకోండి.

ఎం.జి.బి.లో పంపు కరెంటుది, కారు వెనక భాగంలో ఉంటుంది. 7వ అంచెలో వైరింగ్ సరిచూశాకే దీన్ని పరీక్షించండి. కార్బురేటర్‌కు కలిపే ముందు పైపు చివరను లోహపు డబ్బాలో పెట్టి తాళం తిప్పండి. ధార ఆగకుండా, బుడగలు లేకుండా రావాలి. కలిపాక చెవి పెట్టి వినండి. పంపు టకటకమని కొట్టుకుని, కార్బురేటర్ గిన్నెలు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే పెట్రోలు ఎక్కడో పోతోంది, లేదా కార్బురేటర్ గిన్నెలో సూది మూసుకోవట్లేదు. వెంటనే తాళం కట్టేయండి.

6. ఇంజనును చేత్తో తిప్పండి

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో బెజ్జంలో చెంచాడు నూనె పోసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున గేరు న్యూట్రల్లో ఉందని చూసుకుని, ముందు పుల్లీ నట్టుకు సాకెట్ తగిలించి, గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పండి. ముందే రాకర్ కవరు (ఇంజను పైమూత) తీసి ఉంచండి, తిప్పుతుంటే ఎనిమిది వాల్వులూ దిగి లేస్తున్నాయో లేదో కళ్లతో చూడాలి. ఒక వాల్వు దిగి పైకి రాకపోతే అక్కడే ఆపండి. అది గైడులో పట్టేసింది. బలవంతంగా తిప్పితే పిస్టన్ వచ్చి దాన్ని కొట్టొచ్చు, వాల్వును తోసే పుష్‌రాడ్ వంగొచ్చు.

అసలు కదలకపోతే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్), అసిటోన్ సమపాళ్లలో కలిపి సిలిండర్లలో పోయండి. రోజూ కాస్త కలుపుతూ, కాస్త ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉండండి. వారం పట్టొచ్చు, రెండు వారాలు పట్టొచ్చు. ఒక వెంట్రుకంత కదిలినా దారికి వచ్చినట్టే. తొందరపడి గేరులో వేసి ఇంకో బండితో లాగించకండి. మంచి ఇంజన్లు చాలా అలాగే పాడయ్యాయి.

తిరగడం మొదలయ్యాక వాల్వు సందులు సరిచేయండి. ఈ ఇంజనుకు 0.38 మి.మీ. ఇందులో ఒక చిట్కా ఉంది, "తొమ్మిది లెక్క" అని గుర్తుపెట్టుకోండి. 8వ వాల్వు పూర్తిగా దిగి ఉన్నప్పుడు 1వ దాన్ని సర్దాలి, 6వది దిగి ఉన్నప్పుడు 3వ దాన్ని. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి.

7. కరెంటు పని

1967కు ముందు వచ్చిన ఎం.జి.బి.లలో బాడీకి కలిసేది పాజిటివ్ వైరు. కొత్త బ్యాటరీ అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి కలిపేస్తుంటారు. మధ్యలో ఎవరైనా మార్చి కూడా ఉండొచ్చు. అందుకని ఊహించకండి, డైనమో ఉందా, ఆల్టర్నేటర్ ఉందా, కాయిల్ వైర్లు ఎటున్నాయి అని చూసి తేల్చుకోండి. ఆల్టర్నేటర్‌కు తిరగేసి కలిపితే అది అక్కడికక్కడే కాలిపోతుంది.

మొదటిసారి బ్యాటరీ కలిపేటప్పుడు తీగకు మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నా బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. బల్బు వెలుగుతుందే తప్ప వైరింగ్ కాలదు. ఈ చిన్న ఏర్పాటు వల్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది.

వైర్ల రంగులు తెలిస్తే పని తేలిక. ఈ కార్లలో ఉండే లూకస్ కంపెనీ వైరింగ్‌లో నలుపు ఎర్తు (బాడీకి కలిసేది). గోధుమ రంగులో బ్యాటరీ కరెంటు ఫ్యూజు లేకుండా ఎప్పుడూ ఉంటుంది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక, నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న లైట్లది. పాత కార్ల కరెంటు తంటాల్లో చాలా భాగం ఎర్తు జాయింట్లవే. ఒక్కొక్కటీ విప్పి, మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, బిగించండి. 8వ అంచెలో ఎవరైనా స్టార్టర్ తిప్పుతుండగా మల్టీమీటర్‌తో ఇంజనుకూ, బ్యాటరీ ఎర్తు కొసకూ మధ్య కొలవండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు పట్టీ బాగోలేదు.

డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది) తెరుచుకుని మూసుకునే పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గుల సందు 0.64 మి.మీ. ఉండాలి. ప్లగ్గులు మండే వరుస 1-3-4-2. ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోవాలనుకుంటే వేసుకోవచ్చు, కానీ అది మీ కారు పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా అన్నదానికి తగ్గదై ఉండాలి. నా మాట వింటే ముందు పాయింట్లతోనే నడిపించండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

8. మొదటి స్టార్ట్

కారు ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. పక్కన ఇంకో మనిషి, మంటలార్పే సిలిండరుతో.

పాత నూనె తీసేసి కొత్తది పోయండి, ఫిల్టరు మార్చండి. రేడియేటర్‌ను నీటితో కింది గొట్టం నుంచి పైకి తోసి కడిగి, కూలెంట్ నింపండి. ఇప్పుడు ప్లగ్గులు తీసే ఉంచి, కాయిల్ వైరు ఊడదీసి, స్టార్టర్‌ను పది సెకన్లు తిప్పండి, కాసేపు ఆపండి, మళ్లీ తిప్పండి. మీ చూపంతా ఆయిల్ గేజ్ మీదే ఉండాలి. మొదట ఏమీ ఉండదు. నాలుగైదు విడతలయ్యాక ముల్లు ఒకసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి, మెల్లగా పైకి లేస్తుంది. నూనె అంతటా చేరిందని అది చెప్తుంది. ఆ ముల్లు లేవకుండా ప్లగ్గులు బిగించకండి.

ప్లగ్గులు బిగించే ముందే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) కూడా చూసేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పెట్టి ఒక్కో సిలిండరు కొలవండి. అంకె ఎంత అన్నదాని కంటే నాలుగూ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం, పది శాతం తేడా పర్వాలేదు. ఒకటి బాగా తగ్గితే దాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఒక్క కొలతతో ఇంజను దింపేయాలని నిర్ణయించుకోకండి. ఏళ్లు నిలిచిన ఇంజను ఓ వంద కిలోమీటర్లు తిరిగాక చాలాసార్లు తనంతట తానే కోలుకుంటుంది.

ఇంజను అందుకోగానే గేజ్ చూడండి. పది సెకన్లలో ఒత్తిడి రాకపోతే ఆపేయండి. వేడెక్కాక, నడిచే వేగంలో 50 నుంచి 80 పి.ఎస్.ఐ., ఐడిల్‌లో 10 నుంచి 25 ఉంటే ఈ ఇంజనుకు సరిపోతుంది. మొదటి కొద్ది నిమిషాలు నీలం పొగ వస్తుంది, అది మీరు పోసిన నూనే. వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోయినా, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నా హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగానికీ, సిలిండర్ల దిమ్మకూ మధ్య ఉండే పొర) పోయిందేమోనని అనుమానించండి.

9. కార్బురేటర్లు, చక్రాలు, తొలి ప్రయాణం

ఎస్.యు. కార్బురేటర్‌కు పెట్టే వంకలన్నీ అది అర్థం కాకపోవడం వల్లే. ఎయిర్ ఫిల్టర్ తీసి లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. మెత్తగా దిగి "టక్" మని కూర్చోవాలి. చప్పుడు రాకపోతే ఎక్కడో తగులుతోంది. రెండు కార్బురేటర్ల గుండ్రటి పైమూతలు, పిస్టన్లు ఒకదానివి ఒకదానికి మార్చకండి, అవి జతగా తయారైనవి. ప్రతి జెట్టునూ (పెట్రోలు వచ్చే సన్నటి గొట్టం) బ్రిడ్జితో (పిస్టన్ కింద ఉండే గట్టు) సమంగా తెచ్చి, జెట్టు కింది నట్టును రెండు పూర్తి చుట్లు కిందికి తిప్పి మొదలుపెట్టండి.

ఇంజను బాగా వేడెక్కాక పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. ఇంజను వేగం కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, వెంటనే పడిపోతే తక్కువ. నట్టును ఒక్కో ముఖం చొప్పునే తిప్పండి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు మండే క్షణం) సరిచేయకుండా కార్బురేటర్ ముట్టుకోకూడదన్నది ఇందులో అన్నిటికంటే పెద్ద పాఠం. వెతికితే లోపం చాలాసార్లు టైమింగ్‌లోనే దొరుకుతుంది.

టైర్ల పక్కగోడ మీద చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటినవి గీతలు లోతుగా ఉన్నా మార్చేయండి. వైర్ చక్రాలుంటే (సైకిలు చక్రంలా పుల్లలున్నవి) ఒక్కో పుల్లను పానాతో తట్టండి, అన్నీ ఒకేలా మోగాలి. మొద్దుగా పలికింది వదులైంది. చక్రం పైకి లేపి, ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని, చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదపండి. "కటక్" అని వినిపిస్తే హబ్ పళ్లు అరిగాయి, మార్చాల్సిందే.

తొలిసారి నడిపేది ఖాళీ స్థలంలో, గంటకు 20 కి.మీ. లోపు. బ్రేకు వేసి కారు ఏ పక్కకైనా లాగుతుందా చూడండి. పావుగంట నడిపి ఆపి, నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గరికి అరచేయి తీసుకెళ్లండి, తాకొద్దు. ఒకటి మాత్రమే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలట్లేదు.

10. రేకు పని, రంగు

సిల్ కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప రాడ్లు తాత్కాలికంగా వెల్డ్ చేయండి, లేకపోతే బాడీ వంగిపోయి తలుపు మళ్లీ పట్టదు. ఒకసారికి ఒక పక్కే కోయండి. కొత్త రేకును స్క్రూలతో నిలబెట్టి, తలుపు బిగించి, సందులు సరిపోయాయని చూశాకే వెల్డింగ్. ఒక మి.మీ. రేకుకు 0.6 మి.మీ. వెల్డింగ్ తీగ చాలు. ఒకచోట చిన్న చుక్క, తర్వాత దూరంగా ఇంకో చుక్క. ఒకే వరుసలో లాగుతూ పోతే వేడికి రేకు అలలు అలలుగా లేస్తుంది.

బ్యాటరీ తీగలు తీసేయండి, పెట్రోలు ట్యాంకు దింపండి, కార్పెట్లు తొలగించండి. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తుడిచిన చోట వెల్డింగ్ చేయకండి. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పని ఆపాక ఒక గంట అక్కడే ఉండండి, లోపలి పొరల్లో నిప్పు రాజుకుంటే ఆలస్యంగా బయటపడుతుంది. చివర్లో సిల్ లోపలికి మైనం స్ప్రే చేయడం మరచిపోవద్దు.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి. పుట్టీ మూడు మి.మీ. దాటితే మీ రేకు సరిగ్గా నిలవలేదని అర్థం, సుత్తితో మళ్లీ సరిచేయండి. ప్రైమర్ మీద నల్లరంగును దూరం నుంచి పల్చగా చల్లి, చెక్కదిమ్మకు చుట్టిన ఉప్పు కాగితంతో రుద్దండి. నలుపు మిగిలిన చోట గుంట, ముందే పోయిన చోట ఎత్తు. చేత్తో తడిమితే తెలియనివి కూడా ఇలా బయటపడతాయి.

పై కోటు రెండు డబ్బాలు కలిపి కొట్టే రకమైతే ఇంట్లో కొట్టొద్దు. దానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, విడిగా గాలి పంపే మాస్కు ఉండాలి, మామూలు ఫిల్టర్ మాస్కును నమ్ముకోకూడదు. ప్రైమర్ దాకా మీరు చేసి, పై కోటు రంగు బూత్‌లో కొట్టించుకోండి. కష్టమైన పనంతా మీరు చేసినట్టే, డబ్బు కూడా కలిసొస్తుంది.

150 కిలోమీటర్ల తర్వాత

ఇంజను నూనె మళ్లీ మార్చండి, ఎంత నల్లగా దిగుతుందో చూస్తే ఎందుకన్నానో తెలుస్తుంది. వాల్వు సందులు మళ్లీ కొలవండి. చక్రాల నట్లు, స్టీరింగ్ బోల్టులు, కార్బురేటర్ నట్లు బిగించి చూడండి. కారు కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచి, పొద్దున ఏ చుక్క ఏ చోట పడిందో గుర్తుపెట్టండి. ఇంజను నూనె నల్లగా జారుడుగా ఉంటుంది, బ్రేక్ ఫ్లూయిడ్ పల్చగా తేనెరంగులో ఉంటుంది. రెండోది ఒక్క చుక్క కనిపించినా, అది ఎక్కడిదో తేలేదాకా కారు తీయకండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన తేదీని బానెట్ లోపల చిన్న కాగితం మీద రాసి అంటించండి, రెండేళ్లకు మళ్లీ మార్చాలి.